నానా ముఖం చేసిన డుఫియె

డుఫియె గురించి చెప్పమని వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆవిడ గొప్పతనం అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. గొప్పతనం తర్వాత, ముందు ఆవిడ నోరెంత పెద్దదో వినండి. మా ఊరు అబెంక్రొలో ఏటి ఒడ్డున బంకమన్ను తవ్వుకునే గోతి దగ్గర నాకూ ఆవిడకూ ఇరవై ఏళ్లు తగాదా నడిచింది. నేను ఆవిడ తమ్ముణ్ణి కట్టుకున్నాను కాబట్టి వరసకు నాకు వదిన. ఆ వరస అడ్డం పెట్టుకుని మెత్తటి మన్నంతా తన బుట్టలోకి తోడుకుని, రాళ్ల మన్ను నాకు వదిలేది. ఇదేంటి వదినా అంటే, "నువ్వు చేసే కుండలకి ఆ మన్నే ఎక్కువలే అఫువా" అనేది. బజారులో పదిమంది ముందు అనేది. అంత మాటా అన్నాక సాయంత్రానికి పామాయిల్ పళ్ల పులుసులో నత్తలు వేసి వండి, గిన్నెడు మా ఇంటికి పంపేది. ఆవిడ మీద కోపం నిలవనిచ్చేది కాదు. అదీ ఆవిడతో చిక్కు.

పేరు యా డుఫియె. ముగ్గురు మొగుళ్లు. మొదటివాడు దగ్గు పట్టి పోయాడు. రెండోవాణ్ణి తనే పంపేసింది. మూడోవాడు ఆ నోటికి తట్టుకోలేక తనంతట తనే పారిపోయాడు. ఇద్దరు కూతుళ్లని పెంచి పెళ్లిళ్లు చేసింది, చిన్న కోకో తోట వేసుకుంది, ఒకరి ముందు చెయ్యి చాచలేదు. కుండలు తిప్పే సారె మా దగ్గర లేదు. కుండ కదలదు. నడుం వంచి మేమే దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ అంచు లేపుతాం. డుఫియె అరవై దాటాక కూడా ఒక పూటలో నాలుగు పెద్ద కుండల చుట్టూ తిరిగేది. నేను రెండింటికే నడుం పట్టుకునేదాన్ని.

వంట కుండ ఎవరైనా చేస్తారు. ముఖకుండ చేసే చెయ్యి మాత్రం ఊరికి ఒక్కటే ఉంటుంది. అది మా ఊళ్లో డుఫియెది. ముఖకుండ అంటే పీట ఎక్కినవాళ్లకి, వాళ్లు వెళ్లిపోయాక చేసే కుండ. మూత స్థానంలో ఆ మనిషి తలే ఉంటుంది, కళ్లు మూసుకుని. బతికున్నవాళ్లకి చెయ్యరు. చేసేటప్పుడు ఎవరూ చూడరు. కర్మ జరిగే రోజున రాణీమ్మ చేతికిస్తే, ఆవిడ గుడ్డ తీశాకే ఊరు చూస్తుంది. డుఫియె ఆ ముఖం వైపు ఒక్కసారే, బియ్యం కడిగేంత సేపు చూసేది. తర్వాత గిన్నెలో నీళ్లు పోసుకుని ఆ నీళ్లలోకి చూస్తూ చేసేది. నీళ్లలో ఏం కనిపిస్తుంది వదినా అని అడిగాను ఒకసారి. "నీ మొహం కనిపించదు, అదే సుఖం" అంది.

ఇక పీట సంగతి. మా రాజుకి సింహాసనమంటే పీటే, ఒక్క కొయ్యలో చెక్కిన పీట. రాజు పీట ఎక్కుతాడు. చెడ్డవాడైతే పీట దించేస్తాం. పీట మీద ఉండగానే వెళ్లిపోయినవాడి పీటకి మాత్రం నలుపు పూసి, పాత రాజుల పీటల పక్కన చీకటి గదిలో పెడతాం. పెద్దల పేరున నేల మీద కల్లు ధార పోసిన ప్రతిసారీ అతని పేరు పిలుస్తాం. దించేసినవాడికి నలుపూ లేదు, పిలుపూ లేదు. మనవలకి కూడా పేరు తెలియకుండా పోతాడు. అంతకంటే పెద్ద శిక్ష మా దగ్గర లేదు.

రాజుని మేం నానా అంటాం. మా నానా ఒబిరి పీట మీద ఉండగానే పోయారు. ఇప్పుడు ఈ మాట అనొచ్చు. అప్పుడు అనకూడదు. కొత్త రాజు పీట ఎక్కేదాకా ఆ మాట ఎవరి నోటా రాకూడదు. పీట ఖాళీగా ఉండగా ఆ మాటన్నవాడు పీటని కాలితో తన్నినట్టే. అందుకని "నానా ఊరెళ్లారు" అంటాం. అంతే. మూడేళ్ల పిల్లకి కూడా అర్థమవుతుంది, వెంటనే ఆట ఆపి ఇంట్లోకి పోతుంది.

మంగళవారం మధ్యాహ్నం, వాన వెలిశాక, నానా ఊరెళ్లారు. లావాటి మనిషి, ఎడమ కనుబొమ మీద చింతగింజంత కాయ ఉండేది, నవ్వితే మెడ మీద మూడు మడతలూ కదిలేవి. కోకో కోతల రోజుల్లో రోడ్డు పనికి మనుషుల్ని పంపమని మా వైపు ఏలే ఇంగ్లీషు కమిషనర్ ప్రెంటిస్ దొర కబురు పెడితే, "దొరకి రోడ్డు కావాలి, నా మనుషులకి తిండి కావాలి, కోతలయ్యాక చూద్దాం" అన్న మనిషి. దొర ఆ సంగతి మర్చిపోలేదు. రాణీమ్మ సెర్వా, అంటే నానా సొంత చెల్లెలు, ఆ సాయంత్రమే డుఫియెని పిలిపించింది. డుఫియె లోపలికెళ్లి చూసింది, బయటికొచ్చింది, గోతి దగ్గరికి పోయి మన్ను తవ్వుకుంది. తర్వాత తన పాకలో దూరి తలుపు వేసుకుంది. రోజూ కూడు నేను తీసుకెళ్లి గడప బయట పెట్టేదాన్ని. ఫుఫు ముద్ద గట్టిగా దంచలేదని లోపల్నుంచి తిట్టేది. తిట్టు వినిపిస్తే పని బాగా సాగుతోందని నాకు అర్థమయ్యేది.

పదకొండో రోజున ప్రెంటిస్ దొర లారీలో దిగాడు. వెంట దుబాసీ మెన్సా. మెన్సా సముద్రం వైపు మనిషి, మా భాషకి దగ్గరి భాషే వాళ్లది. దివాణం ముంగిట్లో పెద్దలంతా కూర్చున్నారు.

"మీ రాజెక్కడ?" అని అడిగాడు దొర.

"నానా ఊరెళ్లారు" అన్నారు పెద్దలు.

మెన్సా ఆ మాటని మాటకి మాటగా ఇంగ్లీషులో చెప్పాడు.

"ఏ ఊరు?"

"దూరమండీ."

"ఎప్పుడొస్తాడు?"

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మాతో చెప్పలేదండీ" అన్నాడు ఒకాయన.

"నా అనుమతి లేకుండా ఊరు దాటాడా? ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులు."

ఏడుపు ఆపుకోలేక ఇద్దరు ముసలాళ్లు బట్ట నోట్లో కుక్కుకున్నారు. దొరకి అది నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించింది. మొహం కందగడ్డయిపోయింది. చేతిలో ఉన్న పుస్తకం మీద కర్రతో కొట్టి తీర్పు చెప్పాడు. అనుమతి లేకుండా రాజు ఊరు వదిలితే పీట వదిలేసినట్టే లెక్క. శుక్రవారం పొద్దున విడిది ఇంటి దగ్గర తన ముందు నిలబడకపోతే నానా ఒబిరి పీట దించేసినట్టు రాస్తాడు. ఆ పీట మీద బోటెన్‌ని కూర్చోబెడతాడు.

బోటెన్ ఎవరంటే, నానా కొడుకు. మిషన్ బడిలో చదివి, కోకో కొనే కొట్లో గుమాస్తాగా ఉంటూ, బూట్లు వేసుకుని తిరిగేవాడు. మా దగ్గర పీట కొడుక్కి రాదు. కొడుకు తన తల్లి వంశంవాడు. పీట అక్కచెల్లెళ్ల కొడుక్కొస్తుంది. అంటే రాణీమ్మ కొడుకు అసారెకి రావాలి. బోటెన్ ఆ రోజు దొర కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఊరెళ్లడమంటే ఏంటో వాడికి తెలియదా? తెలుసు. నోట్లో నీళ్లు పోసుకుని ఊరుకున్నాడు.

దొర విడిదికి పోగానే పెద్దలు మెన్సా మీద పడ్డారు.

"ఏం మనిషివయ్యా! సంగతి విప్పి చెప్పొచ్చు కదా?"

"మీరు చెప్పరు గానీ నేను చెప్పాలా?" అన్నాడు మెన్సా. "పరాయి ఊరి దివాణం ముంగిట్లో నిలబడి ఆ మాట అనడానికి నాకేమన్నా పిచ్చా? నాకూ తల్లి ఉంది, నాకూ పెద్దల పీటలున్నాయి."



అయిదు రోజులు రాణీమ్మ ఇంట్లో మంతనాలు. ఉత్తరం రాద్దామంటే, ఊళ్లో రాయగలిగింది బోటెన్ ఒక్కడే. అసారెని తొందరగా పీట ఎక్కిద్దామంటే, పొరుగు రాజులకి కబుర్లు వెళ్లి, నలభై రోజులు నిండాలి. పైగా దొర పుస్తకంలో నానా ఇంకా బతికే ఉన్నారు. రాజుండగా ఇంకో రాజుని చేశారని సిపాయిల్ని దింపుతాడు. ఎవరో ఒకరు తెగించి ఆ మాట అనేస్తే? మాట అక్కడిదాకా వచ్చేసరికి అందరూ నేల చూపులు చూసేవాళ్లు. రాణీమ్మ గోడకి జారగిలపడి, "నా అన్న పేరు పోతుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒక్కడికి తల వంచలేదు, ఇప్పుడు దించేసినవాళ్లలో కలిసిపోతాడు" అని ఒకటే మాట అంటూ ఉండేది. నాకు ఆవిడ వైపు చూడాలంటే భయం వేసేది.

గురువారం డుఫియె కుండ కాల్చింది. శుక్రవారం తెల్లవారాక కూడు పట్టుకుని వెళ్తే తలుపు తెరిచి ఉంది. ఆవిడ స్నానం చేసి, మంచి బట్ట కట్టుకుని కూర్చుంది. ఎదురుగా గుడ్డ కప్పిన కుండ.

"వచ్చావా? కూడు అక్కడ పెట్టు. ఇది ఎత్తి నా నెత్తిన పెట్టు."

"ఎక్కడికి వదినా?"

"విడిదికి."

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "వదినా! రాణీమ్మ చెప్పకుండా దాన్ని గుమ్మం దాటిస్తావా? ఎవరన్నా చూస్తే?"

"చూడ్డానికే తీసుకెళ్తున్నాను."

"నీ చేతులు తీసేస్తారే! ఇంక జన్మలో ముఖకుండ ముట్టనివ్వరు నిన్ను!"

"నాకు తెలీదనుకున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నాను" అంది విసురుగా. తర్వాత మెల్లగా అంది, "ఆ మాట అనకూడదన్నారు. నేను అనను. ఆ మాటకి నోరు తెరవను. నేను కుమ్మరిదాన్ని, కుండ పట్టుకెళ్తాను. ఎత్తవే, మెడ పడుతుంది."

నేను ఎత్తాను. ఇది కూడా రాసుకోండి. ఆ కుండ ఆవిడ నెత్తిన పెట్టింది ఈ చేతులే, నాకు సిగ్గు లేదు.

విడిది ముందు ఊరంతా ఉంది. వరండాలో బల్ల దగ్గర దొర, పక్కన మెన్సా, రెండో పక్కన బోటెన్ కొత్త కోటు వేసుకుని. దొర కలం తీసి సిరాలో ముంచాడు. డుఫియె జనాన్ని తోసుకుంటూ పోయి, మెట్లెక్కి, కుండని దించి ఆ కాగితాల మీదే పెట్టింది. గుడ్డ లాగేసింది.

అమ్మో అన్న కేక ఒక్కటే.  రాణీమ్మ, పెద్దలు, ఆడవాళ్లు, పిల్లలు, ఉన్నవాళ్లు ఉన్నట్టుగా అందరం వెనక్కి తిరిగిపోయాం. ఆ ముఖాన్ని వేళ కాకుండా చూడకూడదు. కానీ నేను తిరిగేముందు చూశాను. నానాయే. ఎడమ కనుబొమ మీద కాయ, మెడ మీద మూడు మడతలు, కళ్లు మూసుకుని, కోతలయ్యాక చూద్దాం అన్నప్పుడు పెట్టే ఆ మూతి. మా వదిన చేతులే చేతులనుకున్నాను. నా ఇరవై ఏళ్ల కోపమంతా ఏమైపోయిందో తెలీదు. తిరిగాక కూడా, కుండ కనపడకుండా బట్ట అంచు అడ్డం పట్టుకుని, వరండాలో జరిగేది భుజం మీంచి చూస్తూనే ఉన్నాను.

"ఏమిటిది?" అన్నాడు దొర.

"కుండండీ" అన్నాడు మెన్సా. అతనూ గోడ వైపు తిరిగే మాట్లాడుతున్నాడు.

"కుండని నాకూ తెలుసు. ఇది మీ రాజు మొహం కదా? ఎవరు చేశారు?"

"నేను కుమ్మరిదాన్నని చెప్పు నాయనా" అంది డుఫియె. "బతికున్నవాళ్లకి వంట కుండలు చేస్తానని చెప్పు."

"మరి ఇది?"

"ఇందులో వంట చెయ్యరని చెప్పు."

మెన్సా చెప్పాడు. దొర తెల్లమొహం వేశాడు, అదెలాగూ తెల్లదే అనుకోండి. అప్పుడు బోటెన్ ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నాడు. ఆడవాళ్లు ఆడుకోవడానికి చేసుకునే బొమ్మ అదనీ, ముసలిదానికి మతి లేదనీ అన్నాడట. మెన్సా తర్వాత చెప్పాడు.

"అలాగా?" అన్నాడు దొర. "అయితే ఇటు రా. మీ నాన్న మొహం బాగా వచ్చిందో లేదో చూసి చెప్పు."

బోటెన్ రాలేదు. మళ్లీ పిలిచాడు దొర. బూట్లు టకటకమన్నాయి, ఆగిపోయాయి. వాడు కూడా అప్పటికే వీపు తిప్పుకుని, రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉన్నాడు. కొత్త కోటు వేసుకున్న ఆ వీపు వెక్కుతోంది. ఎంత కుట్ర చేసినా వాడు మా బిడ్డే. వేళ కాకుండా తండ్రి ముఖకుండ చూసే ధైర్యం వాడికీ లేకపోయింది. ఆ క్షణాన వాడి మీద కూడా నాకు గర్వం కలిగింది, ఏం చెప్పను!

దొర కుర్చీలోంచి లేచాడు. బోటెన్ వీపు చూశాడు. మెన్సా వీపు చూశాడు. ముంగిట్లో వందల మంది వీపులు చూశాడు. మళ్లీ ఆ మూసిన కళ్ల వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు, "ఎప్పుడు?"

డుఫియె పది వేళ్లు చూపించింది. మూసి, మళ్లీ ఏడు చూపించింది.

దొర వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మంగళవారం దగ్గర ఆగాడు. కుండ కింది నుంచి కాగితం మెల్లగా లాక్కుని, రాసిందంతా కొట్టేసి, కొత్తగా రెండు ముక్కలు రాశాడు. "నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!" అని విసుక్కున్నాడు.  "మీ పద్ధతి ప్రకారం కొత్త రాజుని ఎన్నుకుని కబురు పెట్టండి. నేనొచ్చి సంతకం పెడతాను" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కుండని ఇటూ అటూ తిప్పి చూసి, "పని బాగుంది. నా మొహం కూడా ఒకటి చేసిపెడుతుందేమో అడుగు" అన్నాడు.

మెన్సా గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. జరిగి, అడిగాడు.

"తొందరేం లేదని చెప్పు" అంది డుఫియె.

అంత ఏడుపులోనూ వెనక్కి తిరిగిన వీపులన్నీ నవ్వుతో ఊగాయి.

నలభై రోజులు నిండాక అసారెని మూడుసార్లు పీటకి తాకించి లేపి కూర్చోబెట్టారు. తుపాకులు పేల్చారు. నానా ఒబిరి పీటకి రాణీమ్మ చేత్తో నలుపు పూసింది. మొదటి కల్లు ధారలో ఆయన పేరు పిలిచినప్పుడు ముసలాళ్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఇప్పటికీ ఆ పేరు పిలుస్తారు. అప్పటికి పుట్టని పిల్లలు కూడా పలుకుతారు.

మర్నాడు కొత్త రాజు మొదటి తీర్పు. పిలిచింది డుఫియెనే.

అసారె ముప్పై అయిదేళ్లవాడు. మెత్తటి మనిషి, తోటలో పనివాళ్లని కూడా గట్టిగా కసరలేదెప్పుడూ. డుఫియె ముందుకొచ్చి, రాజు ముందు మర్యాదకి భుజం మీద బట్ట కిందికి దించి నిలబడింది. అసారె ఆవిడ వైపు చూడలేకపోయాడు.

"అమ్మా, నువ్వు ఆ రోజు రాకపోతే మా మామ పేరుండేది కాదు. నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు" అని, ఆగిపోయాడు.  వదిలేస్తే బాగుండునని అందరి మొహాల్లోనూ ఉంది. నా మొహంలో మరీ ఉంది.

"నానా" అంది డుఫియె. బజారులో నాతో పోట్లాడే గొంతే అది. "తప్పు చేసిన మనిషి ఎదురుగా ఉంది. ఏం తప్పో ఊరందరికీ తెలుసు, చూడకుండానే చూశారు. ఇంకా గుటకలు మింగుతారేంటి? మన పద్ధతి దొర తొక్కబోతే అందరికీ కోపమొచ్చింది. నేను తొక్కితే రాకూడదా? ఇవాళ నన్ను వదిలేస్తే, రేపు ఇంకొకణ్ణి ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? చెప్పండి. నాకు పొయ్యి మీద కూర ఉంది."

 అసారె తలెత్తాడు. మొదటి మాట వణికింది.

"రెండు గొర్రెలు. పీటల గది ముందు కొయ్యాలి. వేళ కాకుండా వెలుగు చూసిన ఆ కుండ ఏటికిచ్చెయ్యాలి. ఇక మీదట యా డుఫియె చేతులు ముఖకుండ తాకకూడదు, ఎవరి కోసమైనా సరే, నా కోసమైనా సరే. మా మామ ముఖాన్ని అఫువా న్యార్కో మళ్లీ చేస్తుంది."

అఫువా న్యార్కో అంటే నేనే. డుఫియె రెండు చేతులూ జోడించి, నేల దాకా వంగి లేచింది.

దారిలో నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. "నలభై ఏళ్ల పని వదినా! నేను చేస్తే నానా ముఖం కందదుంపలా ఉంటుంది. నా కుండలకి రాళ్ల మన్నే ఎక్కువని నువ్వే అన్నావు కదా!"

"అంటాను, ఇంకా అంటాను. పొద్దున్నే మన్ను తొక్కు. మెత్తటి మన్ను తీసుకో, నా వైపు గోతిలోది. నేను నీకు వీపు పెట్టి కూర్చుని ఒక్కో వంకరా చెప్తాను. చెయ్యి మాత్రం పెట్టను."

 ఆవిడ అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంది. కన్నీళ్లు కారిపోతున్నాయి. దారి మధ్యలో ఆగి నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆ గొంతు విన్నావుటే? మొదట వణికింది, తర్వాత వణకలేదు. దొర ఏమనుకుంటాడో అని చూసుకోలేదు. పీట ఇప్పించినదాన్నని నా మొహమూ చూడలేదు. నా మీదే తీర్పు చెప్పాడు! మనకి రాజున్నాడు, అఫువా."